నూట ఇరవై బొటనవేళ్లు

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ ఫోన్లు కొనుక్కున్నాయి. నవ్వకండి, అసలు సంగతి ముందుంది. అవన్నీ కలిసి 'అడవి సేవ' అని ఒక గ్రూపు పెట్టుకున్నాయి. దానికి నెమలి పెద్ద.

ఎండలు ముదిరి పక్క కొండ అంటుకుంది. ముంగిసకు మూడు పిల్లలు. ఇంకా కళ్లయినా తెరవలేదు. వాటిని నోట కరుచుకుని ఎంత దూరమని పరిగెత్తుతుంది? అందుకే గ్రూపులో ఇలా రాసింది: "రేపు పొద్దున్నే వాగు గట్టున ఎండాకులు ఊడ్చేద్దాం. ఆకు లేకపోతే మంట ఇటు దాటదు. అందరూ రండి."

సరేనంటూ నూట ఇరవై బొటనవేళ్ల బొమ్మలు పడ్డాయి. పొద్దున వెళ్లి చూస్తే గట్టున ఒక్క ప్రాణీ లేదు. ఇంతమంది వెళ్తున్నారు, నేనొక్కదాన్ని వెళ్లకపోతే ఏంలే అని ప్రతి జంతువూ అనుకుంది మరి.

ముంగిసకు ఒళ్లు మండింది. "బొటనవేళ్లు పెడితే ఆకులు పోవు" అని రాసింది.

"గ్రూపు మర్యాద చెడగొడుతున్నావు" అని నెమలి దాన్ని గ్రూపులోంచి తీసేసింది.

"తీసెయ్. గ్రూపులోంచి తీయగలవు గానీ అడవిలోంచి తీయలేవు" అనుకుని ముంగిస ఇల్లిల్లూ తిరిగింది.

ముందు కుందేలు బొరియ దగ్గర నిలబడింది.

"నేను నిన్ననే సరేనన్నాను కదక్కా" అంది కుందేలు.

"అన్నావు. ఇప్పుడు నడువు."

తర్వాత అడవిపంది దగ్గరికి వెళ్లింది. "నేనూ బొటనవేలు పెట్టాను" అంది పంది.

"నీకున్నవి గిట్టలు. బొటనవేలు ఎక్కడిది?"

పంది సిగ్గుపడి లేచింది.

చివరికి ముసలి తాబేలు. "నేను గట్టు చేరేలోపు మంటే వచ్చేస్తుందమ్మా" అంది.

"అయితే నువ్వు ఫోను పట్టుకుని కూర్చో తాతా. ఎవరెక్కడున్నారో కనుక్కుని పేరుపెట్టి పిలువు."

తాబేలు గ్రూపులో పిలవసాగింది. "దుప్పీ, నువ్వు వాగు పక్కనే ఉన్నావు. తూర్పువైపు ఎవరూ లేరు, వెళ్లు." అలా పేరుపెట్టి పిలిచేసరికి ఎవరికీ తప్పించుకునే వీల్లేకపోయింది. మధ్యాహ్నానికి గట్టు పొడవునా మట్టి తేలింది.

సాయంత్రం మంట వచ్చింది. తినడానికి ఆకు దొరక్క గట్టు అవతలే ఆగిపోయింది. ముంగిస పిల్లలు నిద్ర కూడా లేవలేదు.

అప్పుడు నెమలి పింఛం విప్పుకుని వచ్చింది. "నిన్ను మళ్లీ చేర్చుకుంటాలే. అందరం ఒక ఫొటో దిగుదాం" అంది.

"చేర్చుకుంటే చేర్చుకో, మానేస్తే మానెయ్" అంది ముంగిస. "గట్టు అవతల కాలిన మొద్దులు ఇంకా పొగలేస్తున్నాయి. మట్టి పోస్తావా, దారి వదులుతావా?"

నెమలి చుట్టూ చూసింది. ఫొటోకి ఎవరూ నిలబడలేదు. అది పింఛం ముడుచుకుని కాళ్లతో మట్టి తోయడం మొదలుపెట్టింది.

నీతి: పదిమందిని పిలవడానికి గ్రూపు మంచిదే, కానీ పని జరగాలంటే మన కాళ్లు కదలాలి. అందుకు ఏ పెద్ద అనుమతీ అక్కర్లేదు.