పసిడి చేపకు పరామర్శలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహమూ ఉంది, నక్కా ఉంది. వాటి కథలు మీరు విని విని విసిగిపోయి ఉంటారు కాబట్టి వాటిని వాటి మానాన వదిలేద్దాం. ఇది సూదమ్మ అనే ఏదుపంది కథ. ఆమె బొరియలో, కిటికీ పక్కన, ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో తెల్ల గులకరాళ్ళు, కాస్త నాచు, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, వాటి మధ్య పసిడి అనే బంగారు చేప. అడవిలో కరెంటెక్కడిదని అడగకండి. మాట్లాడే చేపను నమ్మినవాళ్ళు కరెంటును నమ్మలేరా?

సూదమ్మకు పసిడి అంటే ప్రాణం. ఏదుపందిని ఎవరూ దగ్గరికి తీసుకోరు కదా, ఒంటినిండా ముళ్ళాయె. దారిలో కనిపిస్తే "బాగున్నావా?" అని దూరం నుంచే అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోతారు. పసిడి మాత్రం సూదమ్మ ముఖం కనిపించగానే అద్దానికి మూతి ఆనించి తోక ఊపేది. మధ్యలో అద్దం ఉంది కాబట్టి ఎవరికీ ముళ్ళ బాధ లేదు.

ఎప్పుడో ఏడాదికోసారి ఎవరైనా ఇంటికొస్తే, సూదమ్మ తన ముళ్ళన్నీ ఒంటికి అణిచిపెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. పొరపాటున గుచ్చుకుంటే మళ్ళీ రారేమోనని భయం. అలా కూర్చుంటే నడుం నొప్పి పుట్టేది. మర్యాద అంటే నడుం నొప్పేనని పాపం ఆమె అనుకునేది.

ఒకరోజు పసిడికి జబ్బు చేసింది. పొట్ట ఉబ్బింది. ఒక పక్కకు ఒరిగి, నీళ్ళ పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఎందుకలా అయిందో సూదమ్మకు తెలుసు. ముందురోజు తన పుట్టినరోజని, ముద్దుకొద్దీ గుప్పెళ్ళతో మేత వేసింది. ఏం చెయ్యాలో కూడా తెలుసు. పసిడిని ఆమె చేతికిచ్చిన రోజే వాగులోని తాబేలు తాత చెప్పాడు.

"రోజుకు చిటికెడు మేత వెయ్యి తల్లీ. ఒంట్లో బాగోకపోతే అదీ వద్దు. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళతో తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చు. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదు."

సూదమ్మ వెంటనే బకెట్‌తో నీళ్ళు పట్టి ఉంచింది. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బకెట్ పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చింది. అంతలో తలుపు చప్పుడైంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉందర్రా. ఎవరికి జబ్బు చేసినా చూడ్డానికి వెళ్ళాలి. వట్టి చేతులతో వెళ్ళకూడదు. తీసుకెళ్ళింది రోగి చేత తినిపించకుండా తిరిగి రాకూడదు. చాలా గొప్ప ఆచారం. దానివల్ల ఎంతమంది రోగులు కోలుకున్నారని అడిగితే మాత్రం అందరూ మాట మార్చేస్తారు.

ముందుగా వచ్చింది గంతులయ్య అనే కోతి. చేతిలో అరటిపండ్లు.

"అక్కా! కబురు వినగానే పరుగెత్తుకొచ్చా. ఏమైంది పాపకి?" అన్నాడు.

"అజీర్తి తమ్ముడూ. ఏమీ పెట్టకూడదు," అంది సూదమ్మ.

"అజీర్తా? నోరెలా తెరుస్తోందో చూడు. ఆకలి అది! మా చిన్నవాడూ అచ్చం ఇలాగే తెరుస్తాడు," అంటూ గంతులయ్య ఒక పండు వలిచి సగం తొట్టిలో వేశాడు. రోగికి తోడుగా మిగతా సగం తాను తిన్నాడు.

"వద్దు" అనే మాట సూదమ్మ గొంతు దాకా వచ్చింది. కానీ ఎన్నాళ్ళకో ఇంటికొచ్చిన చుట్టం! ఆమె ఆ మాటను మింగేసి, బకెట్ పక్కన పెట్టి, "కాఫీ తాగుతావా తమ్ముడూ?" అంది.

గంతులయ్య సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాడు. దాచడమెందుకు, సూదమ్మకు చాలా బాగుంది.

అతను వెళ్ళాక పసిడి సన్నటి గొంతుతో పిలిచింది. "అమ్మా, నేను నోరు తెరిచింది ఊపిరాడక. అరటిపండు కోసం కాదు. నేనెప్పుడైనా చెట్టెక్కగా చూశావా?"

"పోనీలే బంగారం, ప్రేమకొద్దీ పెట్టాడు," అంది సూదమ్మ.

మర్నాడు కావమ్మ అనే కాకి పెరుగన్నం గిన్నెతో వచ్చింది.

"ఇది జబ్బూ కాదు, గిబ్బూ కాదు వదినా. దిష్టి! ఇంత రంగున్న పిల్లను ఎవరైనా కిటికీ పక్కన పెడతారా?" అంది.

ఇంకేముంది, ఉప్పూ ఎండుమిరపకాయలూ తెప్పించింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ తొట్టి చుట్టూ ముమ్మారు తిప్పింది. తర్వాత చుట్టూ చూసింది.

"దీన్ని ఎవరూ తొక్కని చోట పారెయ్యాలి వదినా. గుమ్మంలో వేస్తే తొక్కుతారు. దారిలో వేస్తే తొక్కుతారు. ఈ తొట్టిలోకి దిగి తొక్కేవాళ్ళెవరు?" అని గుప్పెడూ నీళ్ళలో వేసేసింది. ఆ తెలివికి మనం దణ్ణం పెట్టాల్సిందే. పైగా మిరపకాయల ఘాటుకు చలవ చేస్తుందని దాని మీద పెరుగన్నం కూడా వేసింది.

సూదమ్మ చెయ్యి బకెట్ మీదికి వెళ్ళింది. అయినా ముళ్ళు అణిచిపెట్టుకుని, "కాఫీలో పంచదార ఎంత వెయ్యను వదినా?" అంది.

ఇక చూడండి, ఆ బొరియకు తిరునాళ్ళే. కుందేళ్ళు వచ్చాయి, ఉడతలు వచ్చాయి, ముంగిసలు వచ్చాయి. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి. తొట్టి నీళ్ళు కుడితిలా తయారయ్యాయి. పట్టి ఉంచిన బకెట్ మీద ఎవరో పళ్ళెం మూతపెట్టి, దాని మీద కాఫీ గ్లాసులు పెట్టారు. బల్లగా బాగానే పనికొచ్చింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక పసిడి అడిగింది. "అమ్మా, నేను బాగైపోతే వీళ్ళెవరూ రారని భయమా?"

సూదమ్మ గ్లాసులు కడగాలంటూ లోపలికి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమైతే కోప్పడేది. నిజం కాబట్టి ఏడ్చింది.

మర్నాడు సాక్షాత్తూ అడవికి పెద్ద దిక్కు, ఏనుగు గజాలమ్మగారే బయలుదేరారు. ఆవిడ ఒకరింటికి వెళ్ళడమంటే మాటలు కాదు. వెనక గంతులయ్య, కావమ్మ, ఇంకా బోలెడుమంది. బొరియలో పట్టరు కాబట్టి గజాలమ్మగారు బయటే కూర్చుని, కిటికీలోంచి తొండం లోపలికి పెట్టారు. తొండం చివర గుమ్మడికాయంత బూందీ లడ్డు.

"ఏమే సూదమ్మా, పిల్లకేదో నలతగా ఉందటగా? నా చేత్తో చుట్టిన లడ్డు ఇది. నేను పెడితే ఇంతవరకూ ఎవరూ కాదనలేదు," అన్నారు. ఎలా కాదంటారు, అంత శరీరం ఎదురుగా కూర్చుంటే?

పసిడి అప్పటికి వెల్లకిలా తేలిపోయింది. నోరు మాత్రం మెల్లగా తెరుచుకుంది.

"చూశారా, పెద్దమ్మగారి లడ్డు కనబడగానే నోరు తెరిచింది!" అన్నాడు గంతులయ్య. అందరూ చప్పట్లు కొట్టారు.

సూదమ్మ వంగి నీళ్ళ దగ్గర చెవి పెట్టింది.

"అమ్మా... నీళ్ళు," అంది పసిడి.

అంతే. ఎత్తిపొడుపు లేదు, వేళాకోళం లేదు. నోరు విప్పితే చమత్కరించే పిల్ల చమత్కారం మానేసిందంటే సంగతేమిటో సూదమ్మకు అర్థమైంది. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"వద్దండీ పెద్దమ్మగారూ," అంది.

గజాలమ్మగారి తొండం కిటికీలోనే ఆగిపోయింది.

"ఏమన్నావూ?"

"లడ్డు వద్దన్నాను. నా పిల్ల చచ్చిపోతోంది."

"అవేం మాటలే అశుభం! ఒక్క ముద్ద లోపలికి పోతే అదే లేచి ఈదుతుంది," అంటూ గజాలమ్మగారు తొండం ముందుకు చాపారు.

సూదమ్మ ఒక్క దూకులో తొట్టికి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళుగా అణిచిపెట్టుకున్న ముళ్ళన్నీ ఒక్కసారిగా టపటపా లేచాయి. ఒకటి తొండం కొసకు చురుక్కున తగిలింది. గజాలమ్మగారు "అమ్మో!" అని తొండం లాక్కున్నారు. లడ్డు జారింది. అది నేల మీద పడకముందే గంతులయ్య పట్టుకున్నాడు. ఎంత దుఃఖంలోనైనా అతను చురుకైనవాడు.

"మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే!" అన్నారు గజాలమ్మగారు.

"ఎంత పొగరు! ఇక ఈ గడప తొక్కితే ఒట్టు," అంది కావమ్మ. తన గిన్నె మర్చిపోకుండా తీసుకుని మరీ వెళ్ళింది.

బొరియ ఖాళీ అయింది. సూదమ్మ బకెట్ మీది గ్లాసులు తీసి అవతల పెట్టింది. మిరపకాయలు, అరటి ముక్కలు, మెతుకులు అన్నీ ఏరి తీసింది. కొన్ని నీళ్ళు తోడి, పట్టి ఉంచినవి నెమ్మదిగా పోసింది. మర్నాటికి మళ్ళీ పట్టి ఉంచింది. మేత డబ్బాను అటక మీద దాచేసింది. రోజూ అదే పని. తలుపు తట్టినవాళ్ళు లేరు, కాఫీ అడిగినవాళ్ళు లేరు. ఇల్లు బోసిపోయిన మాట నిజమే. ఆమె బెంగ పెట్టుకున్న మాటా నిజమే. అయినా బకెట్ మాత్రం దించలేదు.

ఒక పొద్దున్న ఆమె లేచేసరికి అద్దానికి ఆనించి ఒక మూతి ఉంది. దాని వెనక తోక ఊగుతోంది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది పసిడి. "ఈసారి నిజంగానే ఆకలి. అరటిపండు కాకుండా ఏదైనా పెట్టు."

సూదమ్మ ఏడుస్తూ నవ్వుతూ అటక ఎక్కింది. చిటికెడు మేత వేసింది. పసిడి ఇంకొంచెం అడిగింది. సూదమ్మ ముళ్ళు లేపింది. పసిడి మళ్ళీ అడగలేదు.

కొన్నాళ్ళకు గజాలమ్మగారికి కడుపునొప్పి వచ్చింది. అడవంతా కదిలింది. ఆచారం ఆచారమే కదా! ఆ సందడిలో ఒక పిచ్చుక సూదమ్మ దగ్గరికి ఎగిరొచ్చి, "పెద్దమ్మగారు నిన్ను రమ్మంటున్నారు. ఎవరికీ తెలియనివ్వద్దన్నారు," అని చెవిలో చెప్పింది.

సూదమ్మ వెళ్ళి చూసింది. గుమ్మంలో గంతులయ్య అరటి గెలతో, కావమ్మ ఎండుమిరపకాయలతో, వాళ్ళ వెనక కనుచూపు మేర పళ్ళేలు, గిన్నెలు. లోపల గజాలమ్మగారు పడుకుని ఆయాసంతో నోరు తెరిచారు.

"ఆకలే! ఆకలే!" అని బయట కేక వేశారు.

గజాలమ్మగారు సూదమ్మను దగ్గరికి పిలిచారు. ఆ అడవిలో ఏదుపందిని దగ్గరికి పిలవడం అదే మొదలు.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది," అన్నారు నీరసంగా. "కాసేపు వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చోవే. ముళ్ళు లేపి."

సూదమ్మ వెళ్ళి కూర్చుంది. చీకటి పడేదాకా కూర్చుంది. ఆశ్చర్యం, నడుం నొప్పి రానే లేదు.

నీతి: మొహమాటం మనది, ప్రాణం ఇంకొకరిది అయినప్పుడు "వద్దు" అనడమే అసలైన మర్యాద.