మంచె మీద రెండో ముంత

అనగనగా ఒక ఊళ్ళో అంటారు గానీ, ఈ కథ ఊళ్ళో జరగలేదు. ఊరవతల జొన్నచేలో, మంచె మీద జరిగింది. ఊ కొట్టండి. ఊ కొట్టనివాళ్ళకు కథ లేదు.

ఆ చేను లింగన్నది. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినాల్సిన గింజలు ఆ కంకుల్లోనే ఉన్నాయి. సరిగ్గా కోతల ముందు వాళ్ళమ్మకు జ్వరం ముదిరింది. ఆమెను బండిలో పడుకోబెట్టుకుని పక్కూరి వైద్యుడి దగ్గరికి బయల్దేరాడు. ఊరు ఊరంతా జాతరకు పోయింది. ఇక చేనికి కాపలా లింగన్న పెళ్ళాం, కొత్త కోడలు సుంకమ్మ ఒక్కతే. ఆ పిల్ల ఒట్టి పిరికిది. ఆకు కదిలితే దయ్యమంటుంది, తొండ కదిలితే దొంగంటుంది.

బండిలోంచి అత్త మూలుగుతూనే చెప్పింది. "ఏమే, మంచె మీద ఒంటరిగా తినకూడదు. అది మన ఇంటి ఆచారం. రెండు ముంతల్లో అంబలి పొయ్యి. ముందు దేవుణ్ణి పిలిచి పెట్టి, తర్వాత నువ్వు తాగు."

"వస్తాడా అత్తా?"

"పిలవడం నీ పని. రావడం ఆయన పని. వడిసెల మాత్రం కింద పెట్టకు."

సుంకమ్మ మంచెక్కింది. వడిసెలలో రాయి పెట్టింది, తిప్పింది, పిట్టల్ని తోలింది. ఊ కొడుతున్నారా? ఏమే రంగీ, కాళ్ళు ముడుచుకుని కథ విను.

ఇంతలో ఎర్రిగాడనే దొంగ కొడవలీ గోనెసంచీ పట్టుకుని చేలో దూరాడు. పిల్ల ఒక్కతే, కేకేసినా వచ్చేవాడు లేడని వాడి ధీమా. అప్పుడే మంచె మీది గుడిసెలోంచి మాట వినపడింది.

"అయ్యా, ముందు నువ్వు తాగు. నాకు చెయ్యి వణుకుతోంది. ఇక్కడే కూర్చో, పోవద్దు."

ఓహో, పైన మగమనిషి ఉన్నాడనుకున్నాడు ఎర్రిగాడు. ఎక్కినవాడు దిగక మానడు, దిగిపోయాక కోసుకుందామని కంకుల మధ్య నక్కాడు. పొద్దు నెత్తికొచ్చింది, ఎవరూ దిగలేదు. పొద్దు వాలింది, ఎవరూ దిగలేదు. పొద్దు కొండ తాకింది, ఎవరూ దిగలేదు. వాడికి ఆకలి, దోమలు, పైగా జొన్నాకుల దురద.

బండి గంటలు వినపడ్డాయి. జ్వరం తగ్గిన అత్త బండిలో కూర్చుని ఉంది. ఎర్రిగాడు విసుగెత్తి, కొడవలి చేతిలో ఉన్న సంగతే మరిచి, లింగన్నకు ఎదురుపోయాడు.

"ఏమన్నా, పొద్దున్నించీ కూర్చున్నాను. మీ మంచె మీదాయన దిగడేం?"

లింగన్న కొడవలిని చూశాడు, వాణ్ణి చూశాడు, మంచెక్కి చూశాడు. అక్కడ సుంకమ్మ, ఆమె చేతిలో వడిసెల, పక్కన తరక కట్టిన అంబలి ముంత. అంతే.

సుంకమ్మ ఆ ముంత తీసుకుని దిగివచ్చి ఎర్రిగాడి చేతికిచ్చింది. "ఆయన దిగడులే. ఆయన వంతు నువ్వు తాగు."

వాడు తాగాడు, ఆ ఆయనెవరో అర్థమై ఏడ్చాడు. మర్నాటి నుంచి అదే కొడవలితో ఆ చేలోనే కూలికి కోత కోశాడు. గింజలు ఇల్లు చేరాయి.

భయం పోయిందా అంటే, పోలేదు. సుంకమ్మ వణుకుతూనే పిలిచింది, వణుకుతూనే వడిసెల తిప్పింది. నమ్మడమంటే అదే. మంచె దిగి పారిపోయి, దేవుడా నువ్వే చూసుకో అంటే నమ్మకం కాదు, సోమరితనం.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పటి దారి పట్టండి.