తెర్వినుడి పులిపిరి

ఈ కథ నాకు మా మేనత్త నాంచారమ్మ చెప్పింది. వేరేవాళ్ళు వేరేగా చెబుతారు, అది వినకు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని ఇటు తిరుగు.

అనగనగా సముద్రాలకి అవతల రోము అని ఒక ఊరు. ఆ ఊళ్ళో లూపుడని అచ్చులు చెక్కేవాడు ఒకడు. చక్రవర్తి ముఖాన్ని అచ్చులో తిరగేసి చెక్కడం వాడి పని. కింద బంగారు బిళ్ళ పెట్టి, అచ్చు మీద సమ్మెటతో ఒక్కటి కొడితే నాణెం. ఒక్క గీత తప్పినా ఆ అచ్చు పారేసేవాడు.

ఒకరోజు సైనికులు పాత చక్రవర్తిని దింపేసి, తెర్వినుడనే ముసలి దండనాయకుణ్ణి గద్దె ఎక్కించారు. ఊరూరా మనిషి వెళ్ళలేడు, నాణెం మీద ముఖం వెళుతుంది. అందుకని లూపుణ్ణి పిలిపించారు.

తెర్వినుడికి గడ్డం మీసం నున్నగా గీశారు. తలకి ఆకుల కిరీటం పెట్టారు. అంతా బాగానే ఉంది గానీ, ముక్కు పక్కన సెనగగింజంత పులిపిరి.

"అది వదిలెయ్యవయ్యా" అన్నాడు మంత్రి. "వదిలెయ్యి నాయనా" అంది రాణి.

"చెక్కు" అన్నాడు తెర్వినుడు. "అది లేకపోతే మా అమ్మ కూడా నన్ను పోల్చుకోదు. నేను పోయినా నా ముఖం ఉండాలి. మాటిస్తావా?"

లూపుడు మాటిచ్చాడు. మొదటి నెల బంగారు నాణేలు వేశాడు. రెండో నెల వెండివి. మూడో నెల రాగివి వేస్తుండగా, ఎక్కించిన సైనికులే తెర్వినుణ్ణి చంపేశారు.

ఆ తర్వాత వచ్చినవాడు ఆ పేరు వినపడకూడదన్నాడు. రాళ్ళ మీదున్న పేరు గీకించేశాడు. విగ్రహాలు పగలగొట్టించాడు. నాణేలు ఏరి కరిగించమన్నాడు. ఏరడం ఎంతసేపు? భటులకి చదువు రాకపోయినా పులిపిరి కనపడుతుంది కదా.

లూపుడు కొలిమి ముందు నిలబడి చూశాడు. ఉన్నదున్నట్టు చెక్కబట్టే ఒక్కటీ తప్పించుకోలేదు. తన పనితనమే ఆయన్ని పట్టిచ్చింది.

అప్పుడు వాడు కొలిమిలో పడబోతున్న బంగారు నాణెం ఒకటి నాలుక కింద దాచుకుని రేవుకి పోయాడు. మన వైపు వచ్చే ఓడ ఒకటి కదలబోతోంది. "ఈయన్ని ఎవరూ ఎరగని చోటికి తీసుకుపో" అని ఓడ నడిపే సరంగు చేతిలో పెట్టాడు.

ఓడ మన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఆగింది. సరంగు ఆ నాణెం ఇచ్చి నూలుబట్టలు కొన్నాడు. బట్టలమ్మిన నాగసిరి దాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళింది. కంసాలి అటూ ఇటూ తిప్పాడు. అక్షరాలు మనవి కావు. గడ్డం లేదు, మీసం లేదు, తలలో ఆకులు.

"ఎవరో గొప్పింటి తల్లి, నాగసిరీ. ముక్కుపుడక చూడు, ఎంత లావుందో."

"తల్లయితే కరిగించకు మామా. పైన కన్నం పెట్టివ్వు, మెడలో వేసుకుంటాను."

మళ్ళీ ఏడు సరంగు రోము వెళ్ళి లూపుణ్ణి కలిశాడు. "నీ రాజు క్షేమంగా ఉన్నాడు. ఒకావిడ మెడలో ఉన్నాడు. కాకపోతే అక్కడ ఆయన ఆడమనిషి."

"మరి పులిపిరి?"

"రోజూ దానికే కుంకుమ."

అందరూ పోల్చుకున్న చోట ఆ ముఖం కరిగిపోయింది. ఎవరూ పోల్చుకోని చోట మిగిలింది. ముఖం ఉంది గానీ, ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. ఇచ్చిన మాట సగమే నిలబడితే లూపుడికి సరిపోలేదు.

"ఎప్పటికైనా ఎవరో ఒకరు సరిచెయ్యాలి, అన్నా" అన్నాడు.

ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. మా ఆడపడుచు సీతారత్నం ఇప్పటికీ ఈ కథలో ఆయన్ని మహారాణి అనే చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా కాదంటున్నాను, వినదు. నాకు సంతకం దాకానే వచ్చు. నువ్వు బడికెళ్ళేదానివి. పొద్దున్నే పెద్దక్షరాలతో రాసిపెట్టమ్మా, అది ముక్కుపుడక కాదు, పులిపిరి. ఆయన పేరు తెర్వినుడు.

కథేమో కంచికి, కునుకేమో కంటికి.