గోడ లోపలి ఊరి నుయ్యి

శేషూ, దుప్పటంతా నువ్వే చుట్టేసుకుంటే చెల్లికేదిరా? ఇలా తే. వసంతా, ఇటు తిరుగు, నీ వీపుకి చెప్పనా కథ?

అనగా అనగా చింతలదిబ్బ అని ఒక ఊరు. తెల్లదొరలు మూటా ముల్లే సర్దుకుని పోయిన కొత్త రోజులు. వాళ్ళ వెనకే రాజులూ పోయారు. ఇంకేముంది, మన రాజ్యం మనదే అని ఊరంతా పప్పుబెల్లాలు పంచుకున్నారు. మరి ఊరి మంచిచెడ్డలు చూసేదెవరు? అందరూ కూడబలుక్కుని భద్రయ్య అనే ఆసామిని ప్రెసిడెంటుని చేశారు. మనిషి మంచివాడేరా. దోవన పోయే పిల్లల్ని పిలిచి మరీ బెల్లంముక్క చేతిలో పెట్టేవాడు. కుర్చీ ఎక్కాకే బుద్ధి ఇంటివైపు తిరిగింది.

సర్కారు ఊరికి రోడ్డిచ్చింది. ఆ రోడ్డు వస్తూ వస్తూ భద్రయ్య గుమ్మం చూసి ఆగిపోయింది. వీధి దీపమిచ్చింది. అది ఆయన అరుగు పక్కన పాతుకుంది. బడికి బల్లలిచ్చింది. అవి ఆయన వసారాలో కాళ్ళు చాపుకున్నాయి, పిల్లలేమో నేలమీద! ఎవరైనా అడిగితే, ప్రెసిడెంటు ఇల్లంటే ఊరి ఇల్లు కాదుటర్రా, నాకుంటే మీకున్నట్టే అనేవాడు. వినడానికి ఎంత తియ్యగా ఉందో చూడండి! ఊ కొడుతున్నారా, నేనే గోడకి చెప్పుకుంటున్నానా?

అలా ఉండగా ఊళ్ళో పాత నుయ్యి ఎండిపోయింది. సర్కారు డబ్బిచ్చి కొత్త నుయ్యి తవ్వించమంది. భద్రయ్య తవ్వించాడు. ఎక్కడా? తన పెరట్లో! దాని చుట్టూ నిలువెత్తు గోడ, గోడకో తలుపు, తలుపుకో తాళం. నీళ్ళా, కొబ్బరినీళ్ళే. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం బిందెలు నెత్తిన పెట్టుకుని ఎండలో పడి కాలవకి పోయేవారు.

ఏమిటే వసంతా? వాళ్ళెందుకు ఊరుకున్నారంటావా? ఓటేసింది వాళ్ళేనాయె. పైగా ప్రతివాడికీ ఆయనతో ఏదో ఒక పని. నోరు తెరిస్తే పని చెడుతుందని భయం.

ఈ భద్రయ్యకి ఒక కోడలు, నాంచారి. ఆ పిల్లకి కొడుకు పుట్టాడు. ఇంట్లో ఒకటే సంబరం. మంత్రసాని పోలమ్మ రోజూ వచ్చి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని, కాగులకి కాగుల వేణ్ణీళ్ళు పోసేది బిడ్డకి. ఒకరోజు అలా పోస్తూ పోస్తూ బొటబొటా ఏడ్చింది. ఏమిటే పోలమ్మా అని నాంచారి అడిగితే, ఏం చెప్పనమ్మా, నా కూతురూ బాలింతే. నేనిక్కడ నీళ్ళు పోసి, కాలవకి పోయి వచ్చేసరికి పొద్దు నెత్తికెక్కుతోంది. నా మనవరాలికి చెంబుడు నీళ్ళతో ఒళ్ళు తుడవడమే, పసిదానికి ఒళ్ళంతా పొక్కులు అంది.

నాంచారి తిన్నగా మామగారి దగ్గరికెళ్ళింది. ఒక్క బిందె ఇప్పించండి మావయ్యా అని అడిగింది. ఇవాళ ఒక్క బిందె అంటావు, రేపు వీధి వీధంతా వస్తుందమ్మా, వద్దు అన్నాడాయన. కోపంగా కాదు, బుజ్జగించే అన్నాడు. నాకు ఆ బుజ్జగింపంటేనే ఒళ్ళుమంటర్రా. తిట్టేవాడికి ఎదురు చెప్పొచ్చు, బుజ్జగించేవాడికి ఏం చెబుతాం!

పురుడు తీరింది. బాలింత నూతికి పసుపూ కుంకుమా పెట్టి, చేద వేసి, నీళ్ళు తోడాలి కదా. అది అయితేగాని వంటింట్లోకి రాకూడదు. అత్తగారు అచ్చమ్మ శనగలు నానబోసి, పేరంటాళ్ళని పిలిచి, కోడల్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. నాంచారి చేద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తయ్యా, మీరు చేద ఎక్కడ వేశారు అంది. ఊరి నూతిలో. మీ అత్తగారో? ఊరి నూతిలోనే. మరి ఆవిడ అత్తగారో? ఊరి నూతిలోనేనే పిల్లా!

అంతే, అచ్చమ్మ ఆ చేద లాగేసుకుంది. పదిమందీ తోడుకునే నూతిలోనే బాలింత చేద వెయ్యాలి, అప్పుడే బిడ్డకి పదిమంది తోడు అని వాళ్ళ ఆనవాయితీ. ఒంటింటి నూతిలో వేస్తే బిడ్డ ఒంటిగాడవుతాడని వాళ్ళ భయం. అమ్మో అమ్మో, ఎంత పని జరిగేది అని పేరంటాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బండి కట్టి పొరుగూరు నూతికి తీసుకెళదామన్నాడు భద్రయ్య. నా మనవడికి పొరుగూరి తోడు తెస్తావా అని అచ్చమ్మ ఇంతెత్తున లేచింది. మొగుడి మీద ఆవిడ గొంతెత్తడం అదే మొదలు! తాళం తీసి పదిమందినీ తోడుకోనిస్తే ఇదే ఊరి నుయ్యవుతుందిగా మావయ్యా అంది నాంచారి.

మనవడంటే ప్రాణమాయె పాపం. సరే, ఈ ఒక్కపూటకే అని తాళం తీశాడు. ఆ పేటా ఈ పేటా అనకుండా ఊరి ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చారు. నాంచారి తన చేద తీసుకెళ్ళి పోలమ్మ కూతురి చేతిలో పెట్టి, ముందు నువ్వు తోడు అక్కా అంది. ఆ పిల్ల తోడింది. తర్వాత ఊరు ఊరంతా తోడింది. ఆఖర్న నాంచారి తోడింది.

సాయంత్రం భద్రయ్య తాళం చేత్తో పట్టుకుని వస్తే, అచ్చమ్మ నూతి గోడ గుమ్మానికి అడ్డంగా కూచుంది. తలుపు మూస్తే మనవడికి పెట్టిన తోడు తెంపినట్టే, నీ ఇష్టం అంది. ఆయన తాళం మొలలో దోపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అరుగుమీద మొహం ముడుచుకుని కూచున్నాడు. బిందె నింపుకున్న ప్రతి ఆడదీ వెళుతూ వెళుతూ, నీ మనవడు నూరేళ్ళు చల్లగా ఉండాలయ్యా అంటోంది. ఒకరి తర్వాత ఒకరు. వినగా వినగా ఆయన కళ్ళంట నీళ్ళు. లోపలికెళ్ళి పెళ్ళాంతో, రోడ్డు తెచ్చుకున్నాను, దీపం తెచ్చుకున్నాను, బల్లలు తెచ్చుకున్నాను, ఒక్కడూ నన్ను చల్లగా ఉండమనలేదేమే అన్నాడట. ఆ మధ్యాహ్నమే బల్లలు బడికి వెళ్ళాయి. ఆ తర్వాత నూతి గోడ కూలింది. పోలమ్మ మనవరాలి పొక్కులు మానాయి, అందరూ హాయిగా ఉన్నారు.

నాంచారికి నిజంగా ఆ నమ్మకం ఉందా, మామగారి మనసు మార్చడానికే ఆ మాట పట్టుకుందా అంటే, నాకూ తెలీదర్రా. అయితేనేం, పదిమంది సొమ్ము ఒక్కడు తింటే అరగదు, పదిమందితో తింటే అమృతం.

కథ కంచికి బండెక్కింది, మనం నిద్రెక్కుదాం. కళ్ళు మూసుకోండి నా బంగారాలు.