ఆడ ఏనుగు చుట్టిన పొలిమేర

వేలుపుకొండ రాణి మేళమదేవికి ఆ రోజు నిండు సభలో ఓ చిత్రమైన బుద్ధి పుట్టింది. మరిది అడిగిన భూమి ఇచ్చేస్తానంది!

పక్కన నిలబడ్డ చామవ చేతిలో తమలపాకుకు సున్నం ఎక్కువైంది. రాణిగారికి తాంబూలం అందించే ఉద్యోగం ఆమెది. పన్నెండేళ్లుగా ఆకులు చుడుతూ, సభలో మాటలు వింటూ, ఎవరి బుర్రలో ఎంత గుజ్జుందో కనిపెట్టేసింది.

మరిది పేరు బీరమరాజు. అన్నగారు పోగానే గద్దె తనదేనని మీసానికి నెయ్యి రాసుకుని కూర్చున్నాడు. సామంతులు మాత్రం వదినగారిని కూర్చోబెట్టారు. నాలుగేళ్లలో ఆవిడ రెండుసార్లు శత్రువుల్ని తరిమికొట్టింది. సరిగ్గా ఆ రెండుసార్లూ బీరమరాజుకు నడుంనొప్పి వచ్చింది, పాపం.

"ఆడదాని ఏలుబడిలో ఎన్నాళ్లుంటాం వదినా? ఏటి ఒడ్డున నా వాటా నాకు పడెయ్యి. లేకపోతే నా మూడొందల గుర్రాలూ గడ్డి తింటూ కూర్చోవు" అన్నాడు.

ఏటి ఒడ్డున పన్నెండు ఊళ్లున్నాయి. రాజ్యం తినే అన్నమంతా అక్కడిదే. ఇస్తే గద్దె ఉత్త పీట. ఇవ్వకపోతే ఇంట్లోనే యుద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఎంత మేర కావాలి మరిదీ?" అంది రాణి.

"మన ఆచారం ఉందిగా! ఆడ ఏనుగును వదులుదాం. పొద్దు పొడిచింది మొదలు కుంకేలోగా అది చుట్టినంత మేర నాది. అంకుశం వద్దు, తాడు వద్దు. దాని ఇష్టం."

ఆ రోజుల్లో భూమి ఇచ్చేటప్పుడు హద్దులు అలాగే తేల్చేవారు. ఏనుగు అడుగు పడ్డ చోటే పొలిమేర. అంతవరకూ ధర్మంగానే ఉంది. కానీ రెండు రోజులుగా ఏటి ఒడ్డుకు బళ్ల మీద చెరకు పోతోందని ఆకులమ్మే అతను పొద్దున్నే చామవ చెవిన వేశాడు. 'దాని ఇష్టం' వెనక ఎవరి ఇష్టం ఉందో ఆమెకు తెలిసిపోయింది.

తాంబూలం అందిస్తూ చామవ వంగి గుసగుసలాడింది. "ఆ ఆచారానికే సరే అనండి తల్లీ. ఏనుగును మాత్రం ఆయన్నే ఎంచుకోమనండి."

రాణి అలాగే అంది. బీరమరాజు మీసం దువ్వాడు. ఏదైనా సరే, అందరికంటే పెద్దది కావాలి ఆయనకు.

"సింగారి! దాని అంత అడుగు ఇంకే ఏనుగుకూ లేదు."

"ఒక్కసారి కొట్టానికి వెళ్లి చూసుకుంటారా దొరా?" అంది చామవ వినయంగా.

"ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే?" అన్నాడాయన. సామంతులందరి ఎదుటా ఒప్పందపు తాంబూలం పుచ్చుకున్నాడు. ఇక వెనక్కి లేదు.

మర్నాడు తెల్లవారేసరికి ఏనుగుల కొట్టం ముందు ఊరంతా చేరింది. బీరమరాజు రౌతులూ వచ్చారు. మావటి సింగారి గొలుసు విప్పాడు. సింగారి తొండం ఎత్తి గాలి పీల్చింది, తిన్నగా కోట గుమ్మం దాకా నడిచింది. అక్కడ పడున్న చెరకు గడ ఒకటి నోట పెట్టుకుంది.

బీరమరాజు మీసం రెండంగుళాలు లేచింది. చామవ కొట్టం వైపు తిరిగి చూసింది.

అప్పుడు కొట్టం వెనక నుంచి పీలగా ఓ అరుపు వినిపించింది. సింగారి చెరకు వదిలేసింది, గిర్రున తిరిగింది, పరుగందుకుంది. కొట్టం వెనక, పెంటకుప్ప పక్కన గడ్డి మీద తొమ్మిది రోజుల గున్న ఏనుగు అప్పుడే నిద్రలేచి తల్లి కోసం అరుస్తోంది. ముందురోజు సాయంత్రం దాన్ని అక్కడ పడుకోబెట్టించింది చామవే. సింగారి బిడ్డనీ పెంటకుప్పనీ కలిపి ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. పొద్దు కుంకే దాకా అదే పని.

"మోసం! దానికి పిల్ల ఉందని నాకెవరూ చెప్పలేదు!" అని బీరమరాజు గావుకేక పెట్టాడు.

"పుట్టిన రోజే సభలో బెల్లం పంచాం దొరా. పురిటి కబుర్లు మగవాళ్లకెందుకని తమరే లేచి వెళ్లిపోయారు" అంది చామవ.

సామంతులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రాణి నవ్వలేదు. "రాగిరేకు మీద రాయించండి. సూర్యచంద్రులున్నంత కాలం ఈ పెంటకుప్ప మా మరిదిదే. ఆయన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూడా హాయిగా అనుభవించాలి" అంది.

"నాకొద్దీ పెంట! మళ్లీ నడిపించండి!"

చామవ చేతులు జోడించింది.

"హద్దు గీసింది రాణిగారు కాదు, మేమూ కాదు. అంతా దాని ఇష్టమన్నారుగా దొరా, వెళ్లి దాన్నే ఒప్పించండి."

బీరమరాజు పౌరుషంగా ఓ అడుగు వేశాడు. బాలెంత ఏనుగు చెవులు విప్పి ఒక్కసారి ఘీంకరించింది. తలపాగా అక్కడే వదిలేసి ఆయన పరిగెత్తిన పరుగు చూస్తే, ఆ నడుంనొప్పి జన్మలో మళ్లీ వచ్చేటట్టు లేదు.

జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన సొంత రౌతులే. నవ్వుతూనే గుర్రాలు దిగి రాణికి దండం పెట్టారు. అప్పుడు నవ్వింది మేళమదేవి. తన చేతి బంగారు కడియం తీసి చామవ చేతికి తొడిగింది.