నల్లోడికి ఏం పెట్టావు?

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజుగారు ఉండే ఉంటారు, ఆయన సంగతి మనకెందుకు? ఆ రాజ్యం చిట్టచివర, కొండలు మొదలయ్యే చోట, ఎల్లమంద అనే గొర్రెలకాపరి ఉండేవాడు. మన కథ అతనిది.

ఎల్లమందకు పిల్లలు లేరు. భార్య జ్వరంతో పోయింది. ఆమె పోయాక అతనికి మాట్లాడే అలవాటు కూడా పోయింది. జీవాలను అదిలించడానికి "హేయ్" అనడం తప్ప, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అతని నోట మరో మాట వచ్చేది కాదు. సంకటి తానే కెలుక్కునేవాడు, తానే తినేవాడు, గొంగడి ముసుగు పెట్టి పడుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు "పాపం" అనేవాళ్ళు. అనడానికేం, నోటి మాటే కదా! ఒక్కరూ వచ్చి అతని పక్కన కూర్చున్నది లేదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఎండాకాలం రాగానే మందలన్నీ కలిసి కొండమీదికి వలస పోవాలి. లేకపోతే కింద గడ్డిపరక దొరకదు. అయితే కుక్క లేని మందను వలసలో కలుపుకోరు. ఒక్క మందకు కాపలా లేకపోయినా తోడేలు ఆ సందునే దూరి అందరి జీవాలనూ తింటుంది మరి. ఆ కుక్క కూడా ఊరికే ఉంటే చాలదు. కాపరి గట్టు దాటి కనుమరుగైనా అది మందను విడిచి కదలకూడదు. కాపరి పిలిస్తే మాత్రం పరుగున రావాలి. మందపెద్ద సింగరయ్య దగ్గరుండి పరీక్షించేవాడు.

ఒక ఏడాది చలికాలంలో ఎల్లమంద ముసలి కుక్క చచ్చిపోయింది. అతను ఒక నల్ల కుక్కపిల్లను తెచ్చుకుని నల్లోడు అని పేరు పెట్టాడు. వలసకు పోకపోతే జీవాలు మాడిపోతాయి. జీవాలు పోతే లోకంలో తనదంటూ ఏమీ మిగలదు. ఆ దిగులుతో, ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగనివాడు ఊళ్ళోకి వెళ్ళి సలహా అడిగాడు.

సలహాలకేం కరువు! కోటలో కాపలా చేసి వచ్చిన కోనప్ప మీసం దువ్వి, "దెబ్బకు దెయ్యమైనా దిగివస్తుంది, కుక్క ఎంత? కర్ర తియ్యి ఎల్లమందా!" అన్నాడు.

ఎల్లమంద కర్ర తీశాడు. నల్లోడు కూర్చోమంటే కూర్చున్నాడు, లేవమంటే లేచాడు. కానీ కాపరి చేతిలో కర్ర లేని ఘడియ ఏది? కొమ్మ వంచి ఆకు దూయాలన్నా కర్రే, గొర్రెను మళ్ళించాలన్నా కర్రే. కర్ర పైకి లేచినప్పుడల్లా నల్లోడు తోక ముడిచి పారిపోయేవాడు. మంద చెల్లాచెదురవుతున్నా వాడి చూపు కర్రమీదే. పిలిస్తే దగ్గరికి రావడమే మానేశాడు.

ఇది చూసి పూటకూళ్ళ బసవమ్మ మండిపడింది. "ఓరి నీ చేతులు పడ! నోరులేనిదాన్ని కొడతావా? ముక్క చూపించు, కాశీదాకా వస్తుంది."

"ముక్కలు మేపితే కుక్క చెడుతుంది" అన్నాడు కోనప్ప.

"దెబ్బలు తిని నువ్వేం బాగుపడ్డావు?" అంది బసవమ్మ.

ఇద్దరూ చాలాసేపు తగవుపడ్డారు. నల్లోడు మంచం కిందికి దూరాడు.

ఎల్లమంద ఎండుముక్కలు సంచిలో పోసి రొండిన కట్టుకున్నాడు. ఆహా, ఇక చూడండి! నల్లోడు పిలవకముందే వచ్చేవాడు. అయితే వచ్చేది ఎల్లమంద దగ్గరికి కాదు, సంచి దగ్గరికి. ఒకనాడు ఎల్లమంద నీళ్ళకోసం వాగుకు వెళితే, నల్లోడు మందను వదిలేసి సంచి వాసన పట్టుకుని వెనకాలే వచ్చేశాడు. ఇద్దరూ తిరిగి వెళ్ళేసరికి తోడేలు ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది.

అప్పుడు కోతులాడించే గాలయ్య వచ్చాడు. "కడుపు మాడితే అన్ని విద్యలూ వస్తాయి మామా. నా కోతుల్ని చూడు" అన్నాడు.

ఎల్లమంద నల్లోణ్ణి పస్తు పెట్టాడు. నల్లోడికి ఒకే ఒక్క విద్య వచ్చింది, ఊళ్ళో గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడం.

"ఈ కుక్క నాకు అచ్చిరాలేదు" అనుకున్నాడు ఎల్లమంద. మందను దొడ్లో కట్టేసి, నల్లోణ్ణి అడవిలో వదిలేద్దామని వాగు దాటించి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఒక బండ నీడన సంకటి మూట విప్పాడు. నల్లోడు కర్ర అందనంత దూరంలో కూర్చుని చూస్తున్నాడు. చుట్టూ మనుషుల అలికిడి లేదు, పిట్ట కూత కూడా లేదు. ఎల్లమందకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. ఈ కుక్క పోతే, తనకోసం అంత దూరాన కూర్చునేవాళ్ళు కూడా ఇక ఉండరు.

"నిన్ను వదిలిపెట్టడానికే తెచ్చానురా" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఒక మాట వచ్చాక వెనక మరో మాట వచ్చింది. భార్య సంకటిముద్దలో గుంట చేసి నెయ్యి ఎలా పోసేదో చెప్పాడు. ఆమె పోయిన నాడు గొర్రెలు మేతకు కదలకుండా ఎలా నిలబడ్డాయో చెప్పాడు. ఎండ వాలేదాకా చెబుతూనే ఉన్నాడు.

కథల్లో కుక్కలు మాట్లాడాలి, నాకూ తెలుసు. ఈ కుక్క మాట్లాడలేదు. చెవులు రిక్కించి విన్నది. వింటూ వింటూ కొంచెం కొంచెం జరిగి, చివరికి అతని పాదంమీద మూతి ఆనించింది. ఎల్లమంద ఏ పనీ చెప్పకుండానే సగం ముద్ద దానికి పెట్టాడు. ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు.

ఆనాటి నుంచి అతను పొద్దంతా నల్లోడితో మాట్లాడేవాడు. మంచిపని చేస్తే ఆ క్షణమే "సెబాసురా!" అని చెవి వెనక గోకేవాడు. ఉంటే ఒక ముక్క పెట్టేవాడు, లేకపోతే లేదు. తప్పు చేస్తే తిట్టకుండా మళ్ళీ మొదటినుంచి చూపించేవాడు. కర్రను వాసన చూడనిచ్చాడు. మందను అప్పగించి కాస్త దూరం వెళ్ళి తిరిగి వచ్చేవాడు, మరికాస్త దూరం వెళ్ళి తిరిగి వచ్చేవాడు. వెళ్ళిన మనిషి తిరిగి వస్తాడని నల్లోడికి నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది. ఎల్లమంద తొందరపెట్టలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోతే ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

పరీక్ష రోజు వచ్చింది. చూడటానికి ఊరంతా చేరింది. ఎల్లమంద గట్టు దాటి వెళ్ళిపోయాడు. సింగరయ్య కర్ర ఎత్తి అదిలించాడు. నల్లోడు గుర్రుమన్నాడే గానీ కదల్లేదు. దూరంగా మాంసం ముక్క విసిరాడు. నల్లోడు అటు చూశాడు, లొట్టలు వేశాడు, కుక్కే కదా! కానీ గొర్రెల పక్కనే నిలబడ్డాడు. సింగరయ్య చాలాసేపు కాచుకుని, ఇక పిలవమని కేక వేశాడు.

గట్టు అవతల ఎల్లమంద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. "నల్లోడా! రారా!" అని పిలిచాడు. ఏ చప్పుడూ లేదు. ఇక రాడనుకున్నాడు. అంతలో గట్టుమీద నల్లటి చెవులు కనిపించాయి.

సింగరయ్య ఆశ్చర్యపోయి, "ఏం పెట్టావురా దీనికి?" అని అడిగాడు.

"అంతా నా కర్ర మహిమ" అన్నాడు కోనప్ప. "కాదు, నా ముక్కల మహిమ" అంది బసవమ్మ. "పస్తు మహిమ" అన్నాడు గాలయ్య.

ఎల్లమంద తల వంచుకుని అన్నాడు. "కర్ర చూపించాను, ముక్క పెట్టాను, పస్తూ పెట్టాను పెద్దయ్యా. ఏదీ నిలవలేదు. ఆఖరికి నా పొద్దంతా దానికి ఇచ్చాను. అడిగేవాళ్ళు లేక, నా దగ్గర దండిగా మిగిలింది అదే."

సింగరయ్య అతని మందను వలసలో కలుపుకున్నాడు. మర్నాడు మందలు కొండ ఎక్కాయి. అన్నిటికన్నా వెనక ఎల్లమంద, అతని పక్కన నల్లోడు, మాట్లాడుకుంటూ నడిచారు.

భయం కర్ర ఉన్నంతవరకే, ఆశ ముక్క ఉన్నంతవరకే. మన పొద్దు పంచుకున్న ప్రాణమే మనం కనుమరుగైనా మన మాట నిలుపుతుంది.