నడిగోదావరిలో ఆగిన పడవ

గోదావరి నడుమ మొగలిలంకలో లోవరాజు అనే పడవవాడు ఉండేవాడు. చెయ్యి తిరిగిన పనివాడే కాని, ఏ పనీ సగం దాటి చేసేవాడు కాదు, ఏ వస్తువునూ దాని చోట పెట్టేవాడు కాదు.

లంకకూ అవతలి గట్టుకూ మధ్య మనుషుల్ని దాటించడం అతని జీవనం. కలలు మాత్రం చాలా పెద్దవి. ఇరవై మంది ఎక్కే కొత్త పడవ కొనాలి, దానికి రెండు ఇంజన్లు బిగించాలి, పట్నం నుంచి వచ్చేవాళ్ళకు లంకలన్నీ తిప్పి చూపించాలి! జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే ఉపన్యాసాలు ఫోనులో వింటూ మధ్యాహ్నాలు గడిపేవాడు. విన్నప్పుడల్లా అతనికి ఎక్కడలేని ఉత్సాహం పుట్టుకొచ్చేది. గభాలున లేచి వల అల్లడం మొదలుపెట్టేవాడు. నాలుగు వరసలు అల్లేసరికి పడవకు రంగు వెయ్యాలని గుర్తొచ్చేది. ఒక పక్క నీలం రంగు పూసేసరికి మరొక సంగతి తట్టేది. డబ్బాకు మూతయినా పెట్టకుండా అటు పరుగెత్తేవాడు. సగం అల్లిన వల, ఎండిపోయిన రంగు డబ్బా, కాలు విరిగిన కుర్చీ, కొబ్బరి డొక్కలు, అన్నీ ఆ పడవలోనే పోగుపడి ఉండేవి.

"పడవా ఇది, పెంటకుప్పా?" అనేది అతని భార్య వీరవేణి.

"రేపు కూర్చుని మొత్తం ఒకేసారి సర్దేస్తానే! అంతా నా బుర్రలో ఉంది" అనేవాడు లోవరాజు.

ఆ రేపు ఎన్నడూ రాలేదు. గోదావరి మాత్రం వచ్చింది.

ఆ శ్రావణంలో ఎగువన వానలు దంచికొట్టాయి. నది ఎర్రబడి, సుళ్ళు తిరుగుతూ గట్లెక్కింది. లంక చుట్టూ అరటితోటలు నడుంలోతు మునిగాయి. పడవలన్నీ సిద్ధంగా ఉంచుకోవాలని పంచాయతీవాళ్ళు మైకులో చెప్పి వెళ్ళారు.

"నిన్న ఇంజను దగ్గింది, విన్నావా? డీజిలు డబ్బాకు మూత పెట్టలేదు, వానంతా అందులోనే పడింది. ముందు ఆ సంగతి చూడవయ్యా" అంది వీరవేణి.

"ఇప్పుడే చూస్తా!" అని లోవరాజు పానా పట్టుకుని పడవలోకి దూకాడు. డీజిలును వడకట్టే ఫిల్టరు మర వదులు చెయ్యబోతుండగా, చిక్కుపడిన లంగరు తాడు కంటబడింది. పానా అక్కడే పడేసి తాడు అందుకున్నాడు. రెండు ముడులు విప్పేసరికి పడవ తోసే గెడ గుర్తొచ్చింది. గెడ ఏదీ? పొట్లపాదు పందిరికి నిలబెట్టాడు కదా! దాన్ని పీకుదామని ఇంటికి పరుగెత్తాడు. పందిరి చేరేలోగా ఫోను మోగింది. ఎవరో వరద వీడియో పంపారు. "అబ్బో, ఏం వరద!" అనుకుంటూ అక్కడే గుమ్మంలో చతికిలబడ్డాడు.

ఇంతలో పొరుగింటి మంగాయమ్మ, చీర ఎగదోపుకుని నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చింది.

"లోవా! మా మనవరాలు భవానికి పురిటి నొప్పులొచ్చేశాయిరా! తక్కిన పడవలన్నీ పైలంకకి పోయాయంట. అవతలి గట్టున అంబులెన్సు కాచుకునుంది. నువ్వే దిక్కు, లే నాయనా!"

లోవరాజు గుండె ఒక్కసారి ఎగిరిపడింది. ఇలాంటి రోజు కోసమే కదా తాను ఎదురుచూసింది! "భయం లేదు పిన్నీ! పావుగంటలో గట్టెక్కించకపోతే నా పేరు లోవరాజే కాదు!" అని దూకాడు. భవానిని మంచంతో సహా నలుగురు మోసుకొచ్చారు. ఆమెను పడవలోకి దించాక, మంగాయమ్మ తల దగ్గర, వీరవేణి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. గెడ పీకే తీరిక లేకపోయింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

టపటపమంటూ పడవ ఎర్రటి నీళ్ళను చీల్చుకుని సాగింది. తాటి దుంగలు, గడ్డివాములు పక్కనుంచి కొట్టుకుపోతున్నాయి. ఒక దుంగను ఒడుపుగా తప్పించాడు. ఇంకోదాన్ని తప్పించాడు. "చూశావా వేణీ!" అని అరిచాడు. అతని ఒళ్ళంతా పొంగిపోతోంది. అవతలి గట్టు మీద తెల్లటి అంబులెన్సు కూడా కనిపించింది.

ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గోదావరి హోరు ఒక్కటే వినిపించింది. పడవ మొహం తిప్పుకుని వాలుకు కొట్టుకుపోసాగింది. దిగువన సగం కట్టి వదిలేసిన వంతెన స్తంభాలున్నాయి. వాటిని కొట్టుకుని నీళ్ళు మనిషెత్తు లేస్తున్నాయి.

"ఏమైందిరా?" అంది మంగాయమ్మ.

"డీజిల్లో నీళ్ళు... ఫిల్టరు విప్పి ఆ నీళ్ళు కార్చెయ్యాలి. పానా ఏదీ? ఇక్కడే పెట్టానే!"

వల లాగాడు. వదిలేసి కుర్చీ ఎత్తాడు. దాన్ని వదిలేసి డబ్బాలు తోశాడు. గెడ కోసం చెయ్యి చాచాడు, గెడ లేదు. లంగరు తాడు పట్టుకున్నాడు, వల దానికి చుట్టుకుని ఉంది. మళ్ళీ పానా కోసం వంగాడు. పట్టుకున్నదల్లా చేతిలోంచి జారిపోతోంది. స్తంభాలు దగ్గరవుతున్నాయి.

"బాబాయ్, ఏదో ఒకటి చెయ్యి!" అని భవాని కేక పెట్టింది.

వీరవేణి అతని భుజం పట్టి గట్టిగా కుదిపింది. "అన్నీ ఒకేసారి పట్టుకోకు! ముందు పడవ ఆపు. అదొక్కటే చెయ్యి. అది అయ్యాక ఇంజను సంగతి!"

లోవరాజుకు చెంప మీద కొట్టినట్టయింది. అతను ఇక పానా వైపు చూడలేదు, స్తంభాల వైపూ చూడలేదు. రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. తాడును చుట్టుకున్న వలను మొలలోని కత్తితో పరపరా కోసి గోదావరిలోకి విసిరాడు. కుర్చీ, డబ్బాలు, డొక్కలు, అడ్డం వచ్చినవన్నీ నీళ్ళపాలయ్యాయి. ఒక ముడి విప్పాడు. వేళ్ళు చీరుకుపోయాయి. అయినా వదల్లేదు. రెండో ముడి విప్పాడు. మూడోది కూడా ఊడింది!

లంగరు ఎత్తి విసిరాడు. తాడు సర్రున జారింది. లంగరు ఏటి అడుగున ఈడ్చుకుపోయింది. ఉన్నట్టుండి తాడు వీణ తీగలా బిగిసింది. పడవ గిర్రున తిరిగి నిలబడిపోయింది. స్తంభం ఎంత దగ్గరగా ఉందంటే, దాని మీద చిట్లిన నీళ్ళు మంగాయమ్మ మొహాన పడ్డాయి.

"ఆగింది! ఆగిందిరా!" అని ముసలామె ఏడుస్తూ నవ్వింది.

ఇప్పుడు పడవ ఖాళీ. అడుగున నిలిచిన నీళ్ళలో పానా పడి ఉంది. లోవరాజు దాన్ని తీసి ఫిల్టరు మర విప్పాడు. ముందు నీళ్ళు కారాయి, తర్వాత డీజిలు కారింది. మర తిరిగి బిగించాడు. బిగిసిందో లేదో ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత ఇంజను తిప్పాడు. అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి టపటపమంటూ గర్జించింది! వీరవేణి లంగరు తాడు లాగింది. పడవ ఎదురెక్కి, వంకర తిరిగి, గట్టుకు తగిలింది. అంబులెన్సు సిబ్బంది భవానిని ఎత్తుకుని పరుగు తీశారు. ఆసుపత్రి చేరిన కాసేపటికే ఆమెకు పండులాంటి ఆడపిల్ల పుట్టింది.

ఆ కబురు ఫోనులో తెలియగానే గట్టు మీద జనం లోవరాజును చుట్టుముట్టారు. "రెండు ప్రాణాలు నిలబెట్టావయ్యా! మొనగాడివి!" అని ఒకాయన అతని వీపు తట్టాడు. లోవరాజు ఛాతీ పొంగబోయింది. అంతలో భార్య చేతుల మీద తాడు ఒరిసి ఎర్రగా కమిలిన చారలు కనిపించాయి. అతని తల వంగిపోయింది.

"లేదండీ" అన్నాడు మెల్లగా. "ఆ ప్రాణాల మీదికి తెచ్చింది నేనే. పొద్దున్న కాసేపట్లో అయిపోయే పని. మర విప్పబోయి, మధ్యలో వదిలేసి పోయాను. ఇంకొంచెమైతే నలుగురం పోయేవాళ్ళం."

వీరవేణి పడవ వైపు తిరిగి, "లంకలో ఇంకా జనం ఉన్నారు, పోదామా?" అంది.

"పోదాం. ముందు ఈ డీజిలు మార్చేద్దాం."

అరువు తెచ్చిన డీజిలు పోసి, మూత బిగించాడు. తాడును చుట్టచుట్టి ముందు భాగంలో పెట్టాడు. పానాను ఇంజను పక్కన మేకుకు తగిలించాడు. మధ్యలో ఫోను మోగితే దాన్ని తీసి వీరవేణి చేతికిచ్చాడు. అన్నీ చూసుకున్నాకే పడవ కదిలించాడు. ఆ సాయంత్రం దాకా లంకకూ గట్టుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ముసలివాళ్ళు, పసిపిల్లలు, మేకలు, దూడలు, అందరూ క్షేమంగా గట్టెక్కారు. ప్రతిసారీ గట్టున కేరింతలు లేచాయి. ఒక్కసారైనా ఇంజను ఆగలేదు.

ఎంత పెద్ద కల కన్నా, పనులన్నీ సగంలో వదిలేసేవాడు నడి ఏట్లోనే చిక్కుకుంటాడు. చేపట్టిన పని ముగించి, దేని చోట దాన్ని ఉంచుకునేవాడే ఒడ్డుకు చేరుతాడు.